గోడ మీద తాళంచెవులు, రేకు డబ్బాలో పేర్లు

ఈ వారం ఉత్తరం న్యూజెర్సీ నుంచి వచ్చింది. రాసినాయనకి నలభై ఆరేళ్లు. తెనాలి పక్క పల్లెటూరు, గుంటూరులో ఇంజనీరింగ్, ఆ తర్వాత అందరిలాగే హైదరాబాదు, వీసా, అమెరికా. ఆయన గే. తొమ్మిదేళ్లుగా ఒక అమెరికన్‌తో కలిసి ఉంటున్నారు, ఆ పెద్దాయనకి అరవై నాలుగు. ఇంట్లోవాళ్లలో ఈ సంగతి తెలిసింది హైదరాబాదులో ఉన్న అక్కకి ఒక్కదానికే. అమ్మ దృష్టిలో ఆ పెద్దాయన 'ఇంటి ఓనరు గారు'. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి మిగతాది చెబుతున్నాను.

ఈయనకొక సేకరణ ఉంది. అమెరికాలో ఒకప్పుడు గే మగవాళ్ల కోసం నడిచిన బాత్‌హౌస్‌ల, అంటే స్నానశాలల, తాలూకు వస్తువులు పోగేస్తారు. ఇత్తడి నంబరు బిళ్లలు, ఎలాస్టిక్ పట్టీకి తగిలించిన లాకర్ తాళంచెవులు, పేరు అచ్చేసిన టవళ్లు, యాష్‌ట్రేలు, పాత గే పత్రికల్లోంచి కత్తిరించిన ప్రకటనలు, అన్నిటికంటే ఎక్కువగా మ్యాచ్‌బుక్‌లు, అంటే అట్ట మడతలో అగ్గిపుల్లలు పెట్టి హోటళ్లలో, బార్లలో ఊరికే ఇచ్చేవారే, అవి. ఇంట్లో ఒక గదంతా ఇవే. ఈమధ్య తాళంచెవులు కొన్నిటిని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. అది చూసి పెద్దాయన ఒకే మాట అన్నాడట: "నేను ఆ తాళంచెవి చేతికి తొడుక్కున్నవాణ్ణి. దాన్ని నా గోడకి తగిలించకు." ఆయన ఎనభైల్లో న్యూయార్క్‌లో ఉన్న మనిషి, స్నేహితుల్ని వరసగా ఎయిడ్స్‌కి పోగొట్టుకున్న మనిషి. ఫ్రేము దించేశారు. అయినా ఆయన అప్పట్నుంచీ ఆ గదిలో అడుగు పెట్టడం లేదు.

ఇది చాలదన్నట్టు ఒక రేకు డబ్బా. ఒహాయోలో ఎవరో చనిపోతే ఇంటి సామాను అమ్మకానికి పెట్టారు, అందులో దొరికింది. పోయినాయన ఒకప్పుడు బాత్‌హౌస్‌లో మేనేజరుట. డబ్బా నిండా 1970ల నాటి మెంబర్‌షిప్ దరఖాస్తు కార్డులు. ఒక్కోదాని మీద పేరు, చిరునామా, పుట్టిన తేదీ, సంతకం. మనవాడు ఊరుకోలేక కొన్ని పేర్లు ఇంటర్నెట్‌లో వెతికాడు. ఒకాయన బతికే ఉన్నాడు. రిటైరైన టీచరు, మనవలు, చర్చిలో పాటల బృందం. "మీ కార్డు నా దగ్గరుంది, కావాలంటే పంపిస్తాను" అని ఈమెయిల్ రాసి పెట్టుకున్నాడు, పంపలేదు. ఇంకో కలెక్టరు ఆ డబ్బాకి పెద్ద మొత్తం ఇస్తానంటున్నాడు.

వచ్చే నెల అమ్మ ఆరు నెలలు ఉండటానికి వస్తోంది. ఆవిడకి ఇవ్వాల్సిన గది ఆ గదే. ఉత్తరం ఇలా ముగిసింది: "నేను చరిత్ర కాపాడుతున్నానా, చెత్త పోగేస్తున్నానా? అమ్మ దిగేలోపు మొత్తం అమ్మేసి చేతులు దులుపుకోనా?"

మీరు అడిగింది ఒక ప్రశ్న. ఉత్తరంలో ఉన్నవి మాత్రం వేరువేరు చిక్కులు, గడువు ఒకటే కాబట్టి ఒకే చిక్కులా కనబడుతున్నాయి. అమ్మ టికెట్ తేదీకీ, ఆ డబ్బాలోని పేర్లకీ అసలు సంబంధం లేదు. ఆయన బాధకీ, అమ్మకి చెప్పడానికీ సంబంధం ఉంది కానీ మీరనుకుంటున్న సంబంధం కాదు. ఒక్కొక్కటీ విడదీద్దాం.

చెత్తా చరిత్రా అన్నది తేలికైన ప్రశ్న, అది ముందు. ఇక్కడ చదివేవాళ్లలో చాలామందికి ఈ చోట్ల సంగతి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి. అమెరికా పెద్ద నగరాల్లో పందొమ్మిదో శతాబ్దం చివర్లో టర్కిష్ స్నానశాలలు వెలిశాయి. న్యూయార్క్‌లో 28వ వీధిలో ఎవరార్డ్ బాత్స్ 1888లో మొదలైంది. పాత చర్చి భవనం, దాన్ని స్నానశాలగా మార్చినవాడు బీరు వ్యాపారి జేమ్స్ ఎవరార్డ్. ఇలాంటి చోట్లకి ఆరోగ్యం కోసం వచ్చేవాళ్లతో పాటు, వేరే ఎక్కడా కలుసుకునే దారి లేని మగవాళ్లూ వచ్చేవారు. ఇంట్లో తల్లిదండ్రులు, అద్దె గదికి ఓనరు కాపలా, బార్లో కూర్చుంటే పోలీసులు. 1903 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోనే అరిస్టన్ హోటల్ కింద ఉన్న స్నానశాల మీద పోలీసులు దాడి చేసి 26 మందిని పట్టుకున్నారు, కొందరికి ఏళ్ల తరబడి జైలు పడింది. ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరంగా చూసే చట్టాలు అక్కడ కొన్ని రాష్ట్రాల్లో 2003 దాకా ఉన్నాయి, సుప్రీంకోర్టు కొట్టేసేదాకా. మన దగ్గర కూడా 2018 సెప్టెంబరు దాకా సెక్షన్ 377 కింద ఇది నేరమే కదా, అమెరికా అంటే ఏదో ముందునుంచీ స్వేచ్ఛ అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను.

లోపలికి వెళ్లే పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే. కిటికీ దగ్గర డబ్బు కట్టడం, రిజిస్టరులో ఏదో ఒక పేరు రాయడం, పర్సూ వాచీ అప్పజెప్పడం, ఒక టవలు, ఒక తాళంచెవి తీసుకోవడం. తాళంచెవి ఎలాస్టిక్ పట్టీకి ఉంటుంది, చేతికో కాలికో తొడుక్కోవాలి, ఒంటి మీద జేబు ఉండదు కాబట్టి. తక్కువ డబ్బుకి లాకరు, ఎక్కువ డబ్బుకి మంచం మాత్రం పట్టే ఇరుకు గది. బట్టలు విప్పాక ప్లీడరెవరో ప్లంబరెవరో తెలియదు, ఒంటి మీద ఆ నంబరొక్కటే మిగులుతుంది. మీ ఇత్తడి బిళ్లల విలువ నాకు అక్కడ కనిపిస్తోంది.

1968లో స్టీవ్ ఆస్ట్రో అన్నాయన మాన్‌హటన్‌లో ఆన్సోనియా హోటల్ కింది అంతస్తులో కాంటినెంటల్ బాత్స్ తెరిచాడు. ఈత కొలను, డ్యాన్స్ చేసే చోటు, పాటల వేదిక. గాయని బెట్ మిడ్లర్ పేరు తెచ్చుకున్నది ఆ వేదిక మీదే, పియానో వాయించింది బ్యారీ మానిలో, ఎదురుగా టవళ్లు చుట్టుకుని కూర్చున్న జనం. అంతకు మూడేళ్ల ముందే 1965లో క్లీవ్‌లాండ్‌లో మొదలైన క్లబ్ బాత్స్ అనే గొలుసు సంస్థ అమెరికా, కెనడాల్లో సుమారు 40 చోట్లకి పాకింది. మీ రేకు డబ్బా ఒహాయోలో దొరికిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

తర్వాత కథ మీ ఇంటి పెద్దాయనకి నాకంటే బాగా తెలుసు. 1977 మే నెలలో ఎవరార్డ్‌లో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. 1981 జూన్‌లో ఎయిడ్స్ గురించి మొదటి వైద్య నివేదిక వచ్చింది. 1984 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఆరోగ్యశాఖ 14 చోట్లని మూసెయ్యమంది, కోర్టు షరతుల మీద కొంత సడలించింది. న్యూయార్క్‌లో 1985 డిసెంబరులో సెయింట్ మార్క్స్ బాత్స్‌కి తాళం పడింది, తర్వాతి ఏడాది ఎవరార్డ్‌కి. మూసెయ్యడం ప్రాణాలు కాపాడిందనేవాళ్లు ఉన్నారు, కండోములూ కరపత్రాలూ పంచడానికి, జాగ్రత్తలు చెప్పడానికి ఉన్న ఒక్క చోటునీ పోగొట్టారనేవాళ్లూ ఉన్నారు. గే మనుషులే రెండు పక్షాలుగా చీలి తిట్టుకున్నారు, ఆ గాయం ఇంకా మానలేదు. ఇంత జరిగిన చోట్ల నుంచి మిగిలినవి అగ్గిపుల్లల అట్టలూ టవళ్లూ అయితే, వాటిని చెత్త అనడానికి నాకు నోరు రాదు. నడిపినవాళ్లు వీటిని దాచుకోవాలనుకోలేదు, వెళ్లినవాళ్లు ఇంటికి తీసుకెళ్లలేకపోయారు. చనిపోయినవాళ్ల సామాన్లలో ఇలాంటివి కనబడితే కుటుంబాలు సిగ్గుపడి పారేసి ఉంటాయి. అందుకే మీలాంటివాళ్లు పోగేస్తే తప్ప ఉండవు.

సేకరణ మీద నాకు అభ్యంతరం లేదని అర్థమైంది కదా. మీరు కొనే తీరు మీద మాత్రం కాస్త ఉంది. మీరు ఫొటో పంపిన ఆ 'కాంటినెంటల్' టవలు చూశాను, మీరు మూడు వందల డాలర్లు పోసినది. బాత్‌హౌస్ టవలు అంటే రోజూ వేడినీళ్లలో, బ్లీచింగ్‌లో ఉతుకులు పడి పడి అంచులు పీచులు లేచి, అచ్చు సగం చెరిగి ఉండాలి. మీది పెళ్లి పందిట్లో పెట్టిన కండువాలా తళతళలాడుతోంది. అచ్చులో ఒక్క పగులు లేదు. ఎవరైనా వాడకుండా దాచి ఉండొచ్చు, కాదనను, కానీ అలా దాచినవాళ్ల పేరో ఊరో అమ్మినవాడు చెప్పగలగాలి. మ్యాచ్‌బుక్‌లకైతే చూసే గుర్తులున్నాయి. గీసే గరుకు పట్టీ పాతవాటికి ముందువైపు ఉండేది, భద్రత కోసం 1970ల్లో దాన్ని వెనక్కి మార్చారు. చిరునామాలో పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ 1963లో వచ్చింది, దానికి వెనక ఇంకో నాలుగంకెలు చేరింది 1983లో. 1972 నాటిదని చెప్పి తొమ్మిదంకెల కోడ్ ఉన్న అట్ట చూపిస్తే నవ్వి వదిలేయండి. అన్నట్టు, ప్లాస్టిక్ కవర్లు మామూలు పీవీసీవి అయితే మార్చేయండి, కాలం గడిస్తే కాగితానికి అంటుకుని రంగు లాగేస్తాయి. పాలిస్టర్ కవర్లు, యాసిడ్ లేని కాగితం వాడాలి.

డబ్బు సంగతి మీరు ఒక వాక్యంలో దాటేశారు, నేనూ అంతే. ఇద్దరి ఖాతాలోంచి కాకుండా మీ సొంత ఖాతాలోంచి, నెలకి ఇంతని పెట్టుకుని కొనండి. ఆయన కోపం డబ్బు గురించి కాదని మీకూ తెలుసు.

ఆయన దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో ఆయన గురించి రాసినచోటల్లా 'ఆయనకి అర్థం కావట్లేదు' అని ఉంది. అది చదివి కొంచెం ఆగాను. మీరు అమెరికా వచ్చేనాటికి ఆ చోట్లు మూతపడి దాదాపు ఇరవై ఏళ్లు. మీకు అవి దొరకని యౌవనం. తెనాలిలో పదహారేళ్ల వయసులో మీకు అలాంటి చోటు ఒకటి ఉందని తెలిస్తే ఎంత ధైర్యంగా ఉండేదో అని రాశారు, ఆ వాక్యం నిజాయితీగా ఉంది. ఆయనకి అవి దొరికిన యౌవనం, ఆ తర్వాత అదే పేరు చెప్పి ఊరు ఊరంతా వేలు చూపించిన చోటు, ఆసుపత్రి మంచాల పక్కన కూర్చున్న ఏళ్లు. మీ ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే తాళంచెవి కానీ దాన్ని చూస్తే మీకు ఆ చోటు తెరుచుకున్న రోజు గుర్తొస్తుంది, ఆయనకి మూతపడిన రోజు. ఇందులో అర్థం కాకపోవడం ఏమీ లేదు. బహుశా ఆయనకి మీకంటే ఎక్కువ అర్థమైంది.

మీకు ఇక్కడ దారులున్నాయి. మొత్తం గది ఖాళీ చేసి సామానంతా స్టోరేజీ యూనిట్‌కి తరలించొచ్చు. ఇంట్లో గొడవ వెంటనే తగ్గుతుంది, కానీ మీరు ప్రతి శనివారం అక్కడికి వెళ్లి దొంగలా తెరిచి చూసుకుంటారు, తెనాలిలో పరుపు కింద దాచుకున్న అలవాటే మళ్లీ మొదలవుతుంది. ఆయనకి ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది. లేదా, హాలు ఆయనది, గది మీది అని గీత గీసుకోవచ్చు. చాలా జంటలు ఇలాగే నెట్టుకొస్తాయి, తప్పేమీ లేదు, కాకపోతే ఆయన ఆ తలుపు ముందు నుంచి రోజూ నడవాలి. మూడోది కష్టం. వాటిని ఇంట్లో ఉంచాలా వద్దా అని కాకుండా, వాటిలో ఆయనకి ఏది భరించలేనిదో, ఏది ఫరవాలేదో అడగడం. మనుషులు ఇలాంటివాటిని మొత్తంగా ద్వేషించరు. తాళంచెవి చూస్తే కడుపులో దేవుతుందేమో, అదే పాత ప్రకటన చూస్తే ఫలానా స్నేహితుడు గుర్తొచ్చి నవ్వుతాడేమో. అడిగితే ఆయన చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. చెబితే దయచేసి ఫోన్ తీసి రికార్డు చేయకండి, కలెక్టరు బుద్ధి అక్కడ పనికిరాదు. ఆయనకై ఆయన 'ఇది ఎక్కడైనా రాసి ఉంచాలి' అంటే అప్పుడు చూద్దురు. ఆయన మాట్లాడనంటే, ఆ ఫ్రేము లాంటిది ఇంకోటి పెట్టకుండా ఉండటమే మీరు చేయగలిగింది. ఆయన దుఃఖం కూడా ఆ చరిత్రలో భాగమే, కానీ అది మీ సేకరణలో భాగం కావాలని లేదు.

రేకు డబ్బా గురించి. నాకు నిద్ర పట్టనివ్వనిది మీ ఉత్తరంలో ఇదే, మీకు మాత్రం ఇది మూడో పేజీలో గుర్తొచ్చింది.

తాళంచెవి మీరు కొన్నారు, మీది. టవలు మీరు కొన్నారు, నకిలీ అయినా మీదే. కార్డు అట్ట కూడా మీదే అనుకుందాం. దాని మీద ఉన్న పేరు మీది కాదు, అమ్మినవాళ్లదీ కాదు. ఆ రోజుల్లో మనుషుల్ని నాశనం చేసింది పేర్లే. దాడి జరిగితే మర్నాడు పేపర్లో పేర్లు పడేవి, ఉద్యోగాలు పోయేవి, పెళ్లిళ్లు విరిగేవి. అందుకే చాలామంది రిజిస్టర్లో దొంగపేర్లు రాసేవారు. 1981 ఫిబ్రవరి 5 రాత్రి టొరంటో పోలీసులు గడ్డపారలూ సుత్తులూ పట్టుకుని ఒకేసారి నాలుగు బాత్‌హౌస్‌ల మీద పడ్డారు, దాదాపు మూడు వందల మందిని పట్టుకున్నారు. తర్వాతి రాత్రి వేలమంది వీధుల్లోకి వచ్చి నిరసన చేశారు, 2016లో పోలీసు చీఫ్ చేతనే విచారం చెప్పించుకున్నారు, అది వేరే సంగతి. ఆ రాత్రి పట్టుబడ్డవాళ్లలో ఎంతమంది ఇంటికి ఏ మొహంతో వెళ్లాలో తెలియక కూర్చుని ఉంటారో ఆలోచించండి. అలాంటి కాలంలో అసలు పేరు, అసలు పుట్టిన తేదీ రాసి సంతకం పెట్టారంటే ఆ కిటికీ వెనకాల ఉన్న మనిషిని నమ్మి రాశారు. ఆ మనిషి చనిపోయేదాకా డబ్బా ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఇప్పుడది మీ చేతికి వచ్చింది.

ఆ టీచరుగారికి ఈమెయిల్ పంపితే ఏమవుతుందో మీరు మంచి వైపు నుంచే ఊహించారు. ఆయన సంతోషిస్తాడు, కళ్లు చెమరుస్తాయి, కార్డు తీసుకుంటాడు. కావచ్చు. ఇంకో వైపూ చూడండి. ఆ ఈమెయిల్ ఆయనే చదువుతాడని ఏముంది? ఎనభైకి దగ్గరపడ్డ మనుషుల మెయిల్ కూతుళ్లు చూస్తారు, కొడుకులు చూస్తారు. ఆయన చదివినా, 'మీ రహస్యం నా దగ్గర ఉంది, కావాలంటే ఇస్తాను' అని ముక్కూమొహం తెలియని మనిషి రాస్తే అది బ్లాక్‌మెయిల్‌కి మొదటి వాక్యంలాగే ఉంటుంది, మీ మనసులో ఎంత మంచి ఉన్నా సరే. యాభై ఏళ్ల కిందటి తలుపు ఆయన తెరుచుకోవాలనుకుంటే ఆయనే తెరుచుకుంటాడు. పంపకపోతే పోయేది మీ కుతూహలం ఒక్కటే. పేర్లు వెతకడం కూడా ఇక ఆపేయండి అని నా సలహా, ఒకటి దొరికితే ఇంకొకటి వెతకాలనిపించే జబ్బు అది.

డబ్బాని ఏం చేయాలి? కాల్చేయొచ్చు. కొంతమంది అదే మర్యాద అంటారు, వాళ్ల మాటలో న్యాయముంది. కాల్చేస్తే ఆ పేర్లు ఎవరికీ అపకారం చేయవు, కానీ ఒహాయోలో ఒక మామూలు ఊళ్లో ఇంతమంది, ఇన్ని వయసులవాళ్లు, ఇన్ని పేటల నుంచి వచ్చేవారనడానికి ఉన్న సాక్ష్యమూ పోతుంది. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల గురించి పుస్తకాల నిండా ఉంది, చిన్న ఊళ్ల గురించి ఎంతుంది? మీ దగ్గరే సీలు వేసి ఉంచుకోవచ్చు. అప్పుడు మీ తర్వాత ఏమవుతుందో వీలునామాలో రాయాలి, లేకపోతే ఇంకో ఎస్టేట్ సేల్‌లో ఇంకెవరో కొంటారు, ఈసారి మీ ఇంటి ముందు. లేదా ఆర్కైవ్‌కి, అంటే పాత కాగితాలు భద్రపరిచే సంస్థకి, ఇవ్వొచ్చు. న్యూయార్క్‌లో 13వ వీధిలో ఎల్‌జీబీటీ కమ్యూనిటీ సెంటర్ వాళ్ల ఆర్కైవ్ ఉంది, మీకు రైలు దూరం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1985 నుంచి నడుస్తున్న జీఎల్‌బీటీ హిస్టారికల్ సొసైటీ ఉంది, లాస్ ఏంజెలెస్‌లో వన్ ఆర్కైవ్స్, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక పెద్ద సేకరణ. దానపత్రం రాసేటప్పుడు వ్యక్తుల పేర్లున్న కాగితాలు ఫలానా ఏడాది దాకా తెరవకూడదని షరతు పెట్టొచ్చు, ఆర్కైవ్‌లలో అది మామూలే. అక్కడా లాభనష్టాలున్నాయి. ఇచ్చాక మీది కాదు, వాళ్లు మాకొద్దని కూడా అనొచ్చు, తీసుకున్నా పెట్టెలో పెట్టి ఏళ్ల తరబడి ముట్టుకోకపోవచ్చు. మీరైతే ప్రతి ఆదివారం తుడిచి పెడతారు, ఆర్కైవ్‌లో ఆ ముచ్చట ఉండదు.

మొదటి ఈమెయిల్‌లో పేర్లు రాయనక్కర్లేదు, ఫొటోలు తీసినా పేరు మీద వేలు పెట్టి తీయండి. ఏ రాష్ట్రం, ఏ ఏళ్లు, సుమారు ఎన్ని కార్డులు, ఇంతవరకే చెప్పి, షరతుతో తీసుకుంటారా అని అడగండి. పన్ను మినహాయింపు కావాలంటే ఐదు వందల డాలర్లు దాటిన దానానికి అదనంగా ఒక ఫారం, ఐదు వేలు దాటితే విలువ కట్టే నిపుణుడి పత్రం కావాలి. మ్యాచ్‌బుక్‌లు పోస్టులో పంపాల్సొస్తే పుల్లలు తీసేసి అట్టలు చదును చేసి పంపండి, కలెక్టర్లు చాలామంది అలాగే దాస్తారు, పుల్లలతో పార్సిల్ చేస్తే అది నిప్పు సామాను కింద లెక్క.

ఇంకో చిన్న మాట, మీరు అడగకపోయినా. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో కామ్రా అనే క్వీర్ ఆర్కైవ్ ఉంది. మీ అమెరికా అట్టలు వాళ్లకి పనికిరావు, కస్టమ్స్‌లో నగ్న చిత్రాల పోస్టర్లు పట్టుకుంటే అదో తలనొప్పి. కానీ తెనాలి నుంచి న్యూజెర్సీ దాకా మీరు రాసుకున్న డైరీలు, అక్కకి రాసిన ఉత్తరాలు ఉన్నాయన్నారు. యాభై ఏళ్ల తర్వాత మీలాంటి కుర్రాడెవడో వెతికేది అవే.

అమ్మ. ఇక్కడ మీరు ఒక పని చేస్తున్నారని నా అనుమానం, తప్పైతే క్షమించండి. గది ఖాళీ చేయాలని మూడు నెలలుగా తెలుసు, ఖాళీ చేయలేదు. పెద్దాయన గొడవ పడుతున్నా, హాల్లో ఫ్రేము అమ్మ టికెట్ బుక్ చేసిన తర్వాతే పెట్టారు. మీరు చెప్పలేని మాట ఆ సామాను చెప్పేస్తే బాగుండునని లోపల ఎక్కడో ఉందేమో. ఆవిడ గదిలోకి వెళ్లి, టవలు చూసి, 'ఇదేంట్రా' అని అడిగి, మీరు ఇక చెప్పక తప్పని పరిస్థితి రావాలని. అలా జరిగితే ఆవిడ మొదట తెలుసుకునేది కొడుకు తొమ్మిదేళ్లుగా ఒకరితో కాపురం చేస్తున్నాడని కాదు. డెబ్భై దాటిన తల్లి, జెట్‌లాగ్, పరాయి దేశం, చేతిలో అర్థంకాని బొమ్మలున్న పోస్టరు. అక్కడి నుంచి మాట మొదలుపెడితే మీ ఇంటి ఓనరుగారి మంచితనం దాకా ఎప్పటికి చేరతారు?

అందుకని రెండింటినీ విడగొట్టండి. సామాను ఏ సంగతీ తేలకముందే పక్క గదికో, అద్దె స్టోరేజీకో ఆరు నెలల పాటు వెళ్లిపోవచ్చు. దాన్ని దాచడం అనుకోకండి, ఎవరింట్లోనైనా అతిథి గదిలో అతిథి మంచమే ఉంటుంది. చెప్పాలా వద్దా అన్నది మాత్రం మీ ఒక్కరిదే కాదు, ఆ పెద్దాయనది కూడా. చెప్పకపోతే ఆయన తన సొంత ఇంట్లో ఆరు నెలలు ఓనరు వేషం కట్టాలి. వేరే గదిలో పడుకోవాలి, మీ భుజం మీద చెయ్యి వేయబోయి ఆగిపోవాలి. ఎనభైల్లో అందరి ముందూ అలా బతికిన మనిషి మళ్లీ ఒప్పుకుంటాడా? ఒప్పుకుంటాడేమో, మీ మీద ప్రేమతో. అడగకుండా ఒప్పుకున్నాడనుకోవడం మాత్రం అన్యాయం.

చెప్పదలుచుకుంటే ఆవిడ విమానం ఎక్కకముందే చెప్పడంలో ఒక మేలుంది. సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్య ఉండి కోపగించుకోవచ్చు, ఏడవొచ్చు, రానని కూడా అనొచ్చు. ఆ 'రాను' వినడం మీకు కష్టం, కానీ ఇక్కడికొచ్చాక చెబితే ఆవిడకి ఎక్కడికీ వెళ్లే దారి ఉండదు, తెలుగు మాట్లాడే మనిషి మీరొక్కరే, కోపం కూడా మీ మీదే. అక్క పక్కన ఉండగా వీడియో కాల్‌లో చెబితే కాల్ పెట్టేశాక ఆవిడ చెయ్యి పట్టుకోవడానికి ఒకరుంటారు. కానీ అక్క చేత చెప్పించకండి, చెప్పేది మీరే కావాలి, అక్క ఒప్పుకుందా అని కూడా ముందు అడగండి, ఇన్నేళ్లూ తనకి తెలిసి దాచిందని అమ్మ ఆమె మీద కూడా విరుచుకుపడుతుంది. రెండో దారి, వచ్చాక ఒకట్రెండు నెలలు ఆయన్ని చూడనిచ్చి, ఆవిడకి మోకాళ్ల నొప్పంటే ఆయన వేణ్ణీళ్లు కాచి ఇవ్వడం అదీ చూశాక చెప్పడం. మనిషి అలవాటయ్యాక చెబితే మెత్తగా పడుతుందంటారు, కొన్ని ఇళ్లలో నిజమే. కొన్ని ఇళ్లలో 'ఇన్నాళ్లూ నా కళ్లు గప్పారు' అని రెండింతలవుతుంది. మీ అమ్మ ఏ రకమో నాకు తెలియదు, మీకు తెలుసు. ఆవిడకి ఎవరైనా చెప్పకుండా చేసిన పనులు గుర్తు తెచ్చుకోండి, పొలం అమ్మినప్పుడో, అక్క పెళ్లప్పుడో. అప్పుడు ఆవిడకి కోపం తెప్పించింది విషయమా, ఆలస్యమా?

అసలు చెప్పకుండా ఈ ఆరు నెలలూ గడిపేయడం కూడా ఒక దారే, దాన్ని పిరికితనం అని నేననను. ఆవిడ ఆరోగ్యం, వయసు, మీ ఊరి మనుషులు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ అలా గడపాలనుకుంటే మీ ఇద్దరూ కలిసి అనుకోండి, ఎప్పటిదాకా అన్నది కూడా అనుకోండి. అమ్మ వెళ్లిపోయాక ఆయనకి మీరు ఏం బాకీ పడతారో మాట్లాడుకోండి.

మొత్తం అమ్మేయనా అని అడిగారు. ఈ నెలలో ఏదీ అమ్మకండి. తొందరలో అమ్మినవాటిని తర్వాత రెట్టింపు పెట్టి వెతుక్కునే కలెక్టర్లని చూస్తూనే ఉన్నాం, పైగా అమ్మ పేరు చెప్పి అమ్మితే ఆ కోపం ఆవిడ మీద మిగులుతుంది, ఆవిడకి సంగతే తెలియకుండా. ఆవిడ తిరిగి వెళ్లాక, పెద్దాయనతో సంగతి తేల్చుకున్నాక, అప్పటికీ వద్దనిపిస్తే తాళంచెవులూ టవళ్లూ మీ ఇష్టం. రేకు డబ్బాకి డబ్బిస్తానన్న ఆ కలెక్టరుకి మాత్రం ఈ రాత్రే జవాబు రాసేయండి, అది అమ్మకానికి లేదని. కారణం అడుగుతాడు, చెప్పక్కర్లేదు.